మీ పేరు చెక్కిన గిన్నె

కాలువగట్టు క్యాంపు, వర్ని మండలం
14 జులై 2024

ఈరవ్వ వదినగారికి,

ఇందిరాదేవి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీరూ, ముత్తన్న అన్నయ్యగారూ బాగానే ఉండి ఉంటారు, లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేవారు. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకండి. నా చెవి సంగతి మీకు తెలుసు. నాకు వినపడాలంటే అవతలివాళ్లు అరవాలి. వాళ్లకు వినపడలేదేమోనని నేనూ అరుస్తాను. చివరికి క్యాంపు మొత్తం వింటుంది. పిల్లలు పెట్టిన వాట్సప్ గ్రూపులో రాద్దామంటే దాన్ని ముందు చదివేది పిల్లలే. వియ్యపురాళ్ల మధ్య ఉండాల్సిన మాటలకు కాగితమే మంచిదనిపించింది. మీరు అంగన్‌వాడీలో ఎంతమందికో అక్షరాలు దిద్దించినవారు, మీ చేతిరాత చూసే భాగ్యం కూడా కలుగుతుంది.

మీ అమ్మాయి సుమనకు మూడో నెల. మీకు తెలిసే ఉంటుంది. మాకు మాత్రం దిలీప్ మొన్న ఆదివారం చెప్పాడు. మీకు ఎప్పుడు చెప్పారో నేను అడగటం లేదు.

అసలు సంగతి గిన్నె. ఆ ఆదివారం మా ఆయన బసవయ్యగారు నేను వండిన గోంగూర పప్పు, చేపల పులుసు క్యారియర్లో పట్టుకుని నిజామాబాదు వెళ్లారు. పిల్లలకిచ్చి సాయంత్రం బస్సుకు వచ్చేశారు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్న పద్ధతి మీరు సుమనకు బాగా నేర్పారు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కింది గిన్నెలో ఏదో పెట్టి పంపింది. తీరా చూస్తే ఆ గిన్నె నాది కాదు. అడుగున 'ముత్తన్న ఈరవ్వ, మాక్లూర్' అని చెక్కి ఉంది.

అందులో తెల్లటి ముద్ద. ఉడికించిన శనగలు, నువ్వులు, పచ్చి వెల్లుల్లి, నిమ్మరసం కలిపి మెత్తగా రుబ్బి, పైన నూనె పోశారు. తాలింపు అన్న మాటే లేదు. మీ వైపు నువ్వుల వాడకం ఎక్కువని పెళ్లినాడే చూశాను కాబట్టి మీ చేతి వంటేనని అర్థమైంది. మా ఆయన వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, "ఇందిరా, దీన్ని అన్నంలో కలుపుకోవాలా, గోడకి పుయ్యాలా?" అన్నారు. తప్పండీ, వియ్యాలవారు పంపింది అని ఊరుకోబెట్టాను.

వేవిళ్ల పిల్లకు అంత పచ్చి వెల్లుల్లి పెట్టవచ్చునా అని నాకొక చిన్న అనుమానం. మీకు తెలియనిది కాదు. ఉప్పు మాత్రం ఈసారి ఒక్కసారే పడింది, సంతోషం.

గిన్నె నా దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు
మీ వదిన
ఇందిరాదేవి


మాక్లూర్
22 జులై 2024

ఇందిరా వదినకు ఈరవ్వ రాసేది.

మీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ లింబాద్రి మా ఇంటికి ఉత్తరం తెచ్చి ఎన్నేళ్లయిందో. "ఎవలన్న పోయిండ్రా అక్కా?" అని అడిగి మరీ ఇచ్చాడు. ఎవరూ పోలేదు, మా వియ్యపురాలికి నా మీద అనుమానం వచ్చింది అని చెప్పాను.

మూడో నెల సంగతి మాకు కూడా ఆదివారమే తెలిసింది. పొద్దున తెలిసిందా సాయంత్రం తెలిసిందా అని మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ఆ శనగల ముద్ద నేను పంపలేదు. మేం నువ్వులు సకినాలలో వేస్తాం, సర్వపిండిలో వేస్తాం, పొడి కొట్టుకుంటాం. గోడకు పూసే సున్నం చెయ్యం. గిన్నె మాత్రం నాదే. అందులో సర్వపిండి పెట్టి బిడ్డకు పంపితే తిరిగి రాలేదు. అది మీ క్యాంపు దాకా ఎట్లా నడిచి వచ్చిందో మీరే చెప్పాలి.

ఇక నేను అడుగుతాను. మా ఇంటికి మీ పేరున్న గిన్నె వచ్చింది. 'బసవయ్య ఇందిరాదేవి' అని పూల డిజైను కూడా ఉంది. అందులో పత్తగోబి తొక్కు. ఆకులకు ఆకులే ఊరబెట్టి ఎర్రగా కారం పట్టించారు. మూత తీస్తే బుస్సుమంది. మా ఆయన వాసన చూసి, "ఇది తొక్కు కాదే ఈరవ్వా, పొద్దెక్కిన కల్లు" అన్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపులు కట్టుకున్నవాళ్లు కంటికి కనపడిన ప్రతిదాన్నీ జాడీలో పెడతారని తెలుసు. పత్తగోబిని కూడా వదలరని ఇప్పుడే తెలిసింది. కడుపుతో ఉన్న పిల్లకు అంత కారం, అంత పులుపు పెట్టి, పైగా నన్ను వెల్లుల్లి గురించి అడుగుతున్నారు.

ఉప్పు మాట మీరే ఎత్తారు కాబట్టి నేనూ అంటున్నాను. పిల్లల గృహప్రవేశం నాడు పప్పుచారులో నేను ఉప్పు వేసింది ఒక్కసారే. చుట్టాలు చారు విస్తట్లో వదిలి లేచిపోయేటట్టు రెండోసారి ఎవరు వేశారో ఆ పొయ్యికి తెలుసు. "మాకింత ఉప్పు అలవాటు లేదండీ" అని అందరి ముందు మీరు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు.

తొలిచూలు పురుడు తల్లిగారింట్లోనే. ఏడో నెల రాగానే సుమనను మాక్లూర్ తీసుకొస్తాను. ముందే చెప్పి పెడుతున్నాను.

మీ గిన్నె కూడా నా దగ్గర భద్రమే.

ఈరవ్వ


కాలువగట్టు క్యాంపు
11 ఆగస్టు 2024

ఈరవ్వ వదినగారికి,

నమస్కారాలు. నాట్లు అయ్యాయి. కాలువలో నీళ్లు బాగానే వస్తున్నాయి. చెరకు వేసిన రోజుల్లో ఈపాటికి కాస్త ఊపిరి తీసుకునేవాళ్లం, ఈ వరి పుణ్యమా అని అదీ లేదు. ఉత్తరం ఆలస్యానికి కారణం అదే, కోపం కాదు. కోపం కూడా ఉంది గానీ అది కారణం కాదు.

వదినగారూ, నేను దోసకాయ పెడతాను, మాగాయ పెడతాను, ఉసిరికాయ పెడతాను. మా పుట్టిల్లు బాపట్ల దగ్గర. మా అమ్మ పచ్చి రొయ్యలను కూడా జాడీలో పెట్టేది. కానీ క్యాబేజీని ఊరబెట్టే దౌర్భాగ్యం మా వంశంలో ఎవరికీ పట్టలేదు. నా గిన్నెలో ఉన్నంత మాత్రాన అది నా వంట అవుతుందా? అని రాసేశాక నాకే తట్టింది, మీ గిన్నె చూసి నేను అనుకున్నదీ అదే కదా. సరే, ఆ శనగల ముద్ద మీది కాదనే నమ్ముతాను. మీరు కూడా నన్ను నమ్మండి.

మరి మీరు వండక, నేను వండక, ఆ ఇంట్లో వండుతున్నదెవరు?

ఈ ప్రశ్న పుట్టాక నాకు నిద్ర లేదు. మా ఆయన్ని మళ్లీ పంపాను. ఆయన సంగతి మీకు తెలుసు, ఇల్లు తగలబడుతున్నా "బానే ఉందిలే" అంటారు. గుచ్చిగుచ్చి అడిగితే ఒక్క మాట బయటపడింది. తలుపు కొట్టబోయే ముందు వంటింట్లోంచి ఎవరో పెద్దావిడ గొంతు వినపడిందట. తెలుగు కాదట, హిందీ కాదట, మరాఠీ కూడా కాదట. గదమాయించినట్టు ఏదో చెబుతుంటే పిల్లలిద్దరూ "ఆఁ, ఆఁ" అంటున్నారట. ఈయన లోపలికి వెళ్లేసరికి ఎవరూ లేరు.

ఎవరా మనిషి? వంటమనిషిని పెట్టుకుంటే మనకు చెప్పడానికి భయమెందుకు? ఎక్కడి మనిషో, ఏం పెడుతోందో. ఇవాళారేపు పేపర్లలో ఎన్ని చూడటం లేదు?

నాకు కూతురు లేదు వదినగారూ. కడుపుతో ఉన్న పిల్లకు నా చేత్తో వండి పెట్టే రాత ఈ ఒక్కసారే. పురుడు మీ ఇంట్లోనే కానివ్వండి, కాదనను. కానీ నేను పంపిన పప్పు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పారబోస్తోందంటే నా ప్రాణం ఉసూరుమంటోంది.

మీకు తెలిసీ దాస్తున్నారని నేను అనుకోవటం లేదు. పూర్తిగా అనుకోవటం లేదు.

ఇట్లు
ఇందిరాదేవి


మాక్లూర్
2 సెప్టెంబరు 2024

ఇందిరా వదినకు,

ఆ ముసలామె దొరికింది. చెప్తాను, కూర్చుని చదవండి.

మా ఆయనను చెప్పకుండా పంపాను. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి, తలుపు కొట్టకుండా పెరటి దిక్కు నుంచి పోయాడు. వచ్చి చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"పొయ్యి కాడ మనోళ్లిద్దరే ఉన్నరే. పప్పు డబ్బకు సెల్లు ఆనిచ్చి పెట్టిండ్రు. గా సెల్లుల ఒక ముసలామె ఏందో భాషల చెప్తుంటె వీళ్లు చేస్తున్నరు. అల్లుడు ఉల్లిగడ్డ కోస్తుండు, మనది పిండి పిసుకుతుంది. ఇద్దరు ఒక్కతీరుగ నవ్వుడే నవ్వుడు."

"ఏం భాషంట?" అని అడిగాను.

"కొరియానంట. నాకేం ఎరుక? నాకు రెండు పుల్లలిచ్చి సేమియ తినుమన్నరు. పుల్లలు పక్కకు పెట్టి చేతితోని తిన్న."

"మంచిగున్నదా?"

"ఆకలైంది, తిన్న."

ఇదీ సంగతి. ఒకరోజు కొరియా, ఒకరోజు అరబ్బు దేశం, ఇంకోరోజు ఇటలీ. ఆ శనగల సున్నం అరబ్బులదట. ఆ పత్తగోబి కల్లు కొరియావాళ్లదట. మీదీ కాదు, నాదీ కాదు.

ఇప్పటిదాకా నవ్వొచ్చే మాట. ఇక మిగిలింది వినండి. మా ఆయన చెప్పులు మంచం కిందికి పోతే తీయడానికి వంగాడు. అక్కడ మీ ఆవకాయ జాడీ ఉంది. దాని పక్కనే నేను పోయిన ఎండాకాలం పంపిన మామిడికాయ తొక్కు సీసా ఉంది. కట్టిన గుడ్డలు కట్టినట్టే ఉన్నాయి, ముడి కూడా విప్పలేదు. నేను పంపిన సకినాల డబ్బా మీద దుమ్ము.

వదినా, నా బిడ్డ సద్దన్నంలో తొక్కు కలుపుకుని తిని పెరిగిన పిల్ల. అది తొక్కు ముడి విప్పలేదంటే నేను నమ్మను. మీ అబ్బాయికి మా తిండి నామోషీ అయి ఉంటుంది. మా తొక్కు ఇంట్లో కనపడవద్దని తనే మంచం కింద పెట్టించి ఉంటాడు. మీ జాడీ కూడా పక్కన పెట్టింది నాకు అనుమానం రాకుండా ఉండటానికే కావచ్చు.

ఏడో నెల దాకా ఆగను. వచ్చే వారమే పోయి తీసుకొస్తాను.

ఈరవ్వ


కాలువగట్టు క్యాంపు
6 అక్టోబరు 2024

ఈరవ్వగారికి,

ఏం మాట్లాడి వచ్చారు మీరక్కడ? నాకు తెలియాలి.

నిన్న దిలీప్ ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి మా ఆయన నా చెవి దగ్గర పట్టుకున్నారు. "అమ్మా, పురుటికి ఎవరూ రావొద్దు. అత్తయ్యగారికీ ఇదే చెప్పాం. సుమన మాక్లూరూ వెళ్లదు, క్యాంపుకీ రాదు. ఇక్కడే ఆస్పత్రిలో కాన్పు, ఇక్కడే ఇంట్లో ఉంటుంది, నేను చూసుకుంటాను. బిడ్డ పుట్టాక కొన్నాళ్లకు మేమే కబురు చేస్తాం" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

నా కొడుక్కి మీ తిండి నామోషీనా? వాడు పెళ్లికి ముందు మీ ఇంటికొచ్చి పచ్చిపులుసు తాగి, ఇంటికొచ్చాక నా చేత చేయించుకుని, "నీకు కుదరలేదమ్మా" అన్నవాడు. ఆ మాట నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. మీ అమ్మాయే నా ఆవకాయ ముట్టనని ఉంటుంది, వాడు నాకు బాధ కలగకూడదని రెండూ కలిపి లోపల పెట్టి ఉంటాడు.

మీరు సంచి పట్టుకుని వెళ్లి పిల్లను లాక్కురాబోయారట. వాళ్లు బెదిరి మనిద్దరినీ గుమ్మం బయట నిలబెట్టారు. మీ వల్ల నాకూ తలుపు మూసుకుపోయింది. పుట్టబోయే బిడ్డను నేను ఫోన్లో చూడాలా?

ఇక నా నుంచి ఉత్తరం రాదు. మీ గిన్నె నా దగ్గరే ఉంటుంది.

ఇందిరాదేవి


మాక్లూర్
10 నవంబరు 2024

ఇందిరా వదినకు,

మీరు రాయనన్నారు. నేను అనలేదు కాబట్టి రాస్తున్నాను. చింపి పారేయకుండా చివరి దాకా చదవండి, తర్వాత మీ ఇష్టం.

దసరాకు సుమన రాలేదు. బతుకమ్మ నాడు వాకిట్లో అందరి బిడ్డలూ ఆడుతుంటే నేను లోపల పడుకున్నాను. పండగ పోయాక మళ్లీ ఒక్కదాన్నే నిజామాబాదు పోయాను. ఈసారి సంచి పట్టుకుపోలేదు. గిన్నె కూడా తీసుకుపోలేదు. నీళ్లు కూడా అడగకుండా గడప మీద కూర్చున్నాను. దిలీప్ దుకాణంలో ఉన్నాడు. బిడ్డ కడుపు ఇంత ముందుకొచ్చింది, మొహం గుంజుకుపోయింది.

"నా తొక్కు ఎందుకు ముట్టవ్?" అని ఒక్కటే అడిగాను.

సుమన వచ్చి నా పక్కన గడప మీదనే కూర్చుంది. కడుపుతో ఉన్నదానివి గడప మీద కూర్చోవద్దే అంటే లేవలేదు.

"అవ్వా, నీ పచ్చిపులుసు గాయినకు పానం. కని గది తిన్నడని నువ్వు అత్తమ్మకు చెప్తవ్. అత్తమ్మ గాయినకు ఫోన్ చేసి, నా చేపల పులుసు ఎందుకు మిగిలిందిరా అంటది. అత్తమ్మ పప్పు నేను మంచిగున్నదంటె నువ్వు రెండు దినాలు మాట్లాడవ్. మా ఇంట్ల ఏది వండినా ఒకలు గెలుస్తరు, ఒకలు ఓడిపోతరు."

"గట్లెప్పుడన్ననే నేను?"

"గృహప్రవేశం నాడు మీరిద్దరు ఒకలి మొకం ఒకలు చూడకుంట బస్సులెక్కిపోయిండ్రు. మేమిద్దరం గా చారు పారబోసి కూసున్నం. ఆకలైతుంది. నీ తొక్కు తియ్యాల్నా, అత్తమ్మ జాడీ తియ్యాల్నా అని గాయిన అడిగిండు. నేను ఏడ్చిన. గప్పుడు గాయిన ఫోన్ల చూసి ఏదో సేమియ చేసిండు. సప్పగ, మాడిపోయి, అస్సలు మంచిగ లేకుండె. కని గా కూరకు అత్త లేదు, అవ్వ లేదు. కడుపు నిండ తిన్నం. గానాడే అనుకున్నం, మన రెండిండ్లల్ల లేనిదే వండుకుందామని."

వదినా, నాకు ఏడుపొచ్చింది. మంచం కింద జాడీలను దాచిపెట్టింది నామోషీకి కాదు. ఒకటి విప్పితే రెండోది చిన్నబోతుందని.

"మరి పురుటికన్న రానియ్యవా?" అన్నాను.

"ఇద్దరు కలిసి వస్తె రాండ్రి. ఒక్కొక్కలు వచ్చి ఒకలి మీద ఒకలు చెప్తె నాకు పాలు రావు, భయమొస్తది. వంట మాది. మీరు చెయ్యుమంటె మేం తినేదే చెయ్యాలె."

మీరు నమ్మరని తెలుసు. నేను కల్పించి రాశానని అంటారు. దిలీప్‌ను అడగండి.

ఈరవ్వ


కాలువగట్టు క్యాంపు
1 డిసెంబరు 2024

ఈరవ్వ వదినగారికి,

మొదట నమ్మలేదు. కల్పించి రాశారనే అనుకున్నాను. నా కోడలు నన్ను 'అత్తమ్మ' అంటుందన్న సంగతి కూడా మీ ఉత్తరంలోనే చూశాను, నా ముందు ఎప్పుడూ అత్తయ్యగారే. దిలీప్‌ను అడగడానికి ధైర్యం చాలక మా ఆయన్ని అడిగాను.

ఆయన పేపరు మడత పెట్టి, "నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"వాడు గృహప్రవేశం అయిన వారానికే చెప్పాడు. నీకు చెబితే ఈరవ్వగారి వల్లే అంటావని చెప్పలేదు."

"మరి ప్రతి ఆదివారం నా క్యారియర్ పట్టుకెళ్తున్నారుగా!"

"పట్టుకెళ్లి ముగ్గురం ఆ నూడుల్స్ తినేవాళ్లం. నీ పప్పు పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బంటి వాళ్లకి ఇచ్చేవాళ్లం. బంటికి నీ గోంగూర బాగా ఇష్టం."

ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి నా దగ్గర ఏదీ దాచలేడనుకున్నాను. ఇప్పుడు ఆయన తుమ్మినా అనుమానంగానే ఉంది. అన్నయ్యగారి మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. ఆకలైంది తిన్నాను అన్నారంటే ఇంకా చాలాసార్లు తిని ఉంటారు.

వదినగారూ, నాకు చాలా బాధగా ఉంది. మీ మీద కాదు. నా కొడుకు ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లో మొదటి పూట ఆకలితో కూర్చున్నాడు. రెండు జాడీలు ఎదురుగా పెట్టుకుని ఏది తియ్యాలో తెలియక కూర్చున్నాడు. ఆ పూట నేను బస్సులో మీ గురించి మా ఆయనకు చెబుతూనే ఉన్నాను, వర్ని వచ్చేదాకా ఆపలేదు.

కాబట్టి ఇద్దరం కలిసే వెళదాం. నా నుంచి ఆవకాయ రాదు. మీరు కొంగులో నువ్వుల పొడి ముడేసుకుని రాకూడదు. వస్తే నేను వాసన పడతాను, నా చెవి పోయింది గానీ ముక్కు పోలేదు.

ఇంకో సంగతి. దిలీప్ ఫోన్ చేశాడు. కొరియాలో బాలింతకు సముద్రపు నాచుతో చారు పెడతారట, పాలు పడతాయట. సుమన దాని మీద ఆశ పడుతోందట, డాక్టరమ్మను అడిగితే కొద్దిగా అయితే పెట్టమందట. ఎండు నాచు పొట్లం తెప్పించాడట. మా బాపట్లలో సముద్రం ఒడ్డున ఆ నాచు కాళ్లకు చుట్టుకుంటే ఛీ అని విదిలించుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని చారు పెట్టాలి. మీరు ఎలాగూ సముద్రం చూడలేదు, కాబట్టి మనిద్దరికీ సమానంగానే రాదు. అదొక్కటి నాకు కాస్త ధైర్యంగా ఉంది.

ఇట్లు
మీ వదిన
ఇందిరాదేవి


నిజామాబాదు
16 ఫిబ్రవరి 2025

ఇందిరా వదినకు,

అన్నకు జ్వరం తగ్గిందా? కబురు రాగానే మీరు సుమన తాగిన గిలాస కింద పెట్టి అట్లనే బస్సుకు పోయారు. పాపకు మూడు వారాలు నిండాయి, బాగుంది. మీరు పోయినప్పటి నుంచి కుడి చెయ్యి నోట్లో పెట్టుకోవడం నేర్చుకుంది. ముక్కు మీదే అని ఒప్పుకుంటున్నాను. రంగు గురించి ఇంకా ఏమీ ఒప్పుకోలేదు.

మీరు పోయిన సాయంత్రం జరిగింది మీకు రాయాలి. పాప పడుకుందని సుమన పక్కనే కూర్చుని ఈ కాగితం రాస్తున్నాను.

ఆ చారు మనిద్దరం ఎట్లా చేశామో మీకు యాదికి ఉంది. మీరు నాచు నానబెట్టి పిండారు. నేను వెల్లుల్లి దంచాను. నువ్వుల నూనె పోసేటప్పుడు మీరు నా చెయ్యి వైపు చూశారు, నేను మీకే సీసా ఇచ్చేశాను. ఆ నల్ల సాసు బాలింతకు పడదేమోనని మీరు తీసి పక్కన పెట్టారు, సరే అన్నాను. ఉప్పు డబ్బా మన ఇద్దరి మధ్యన గట్టు మీద ఉంది. ఇద్దరం దాని దిక్కు చూడలేదు. తర్వాత నేను బట్టలు తీయడానికి పెరట్లోకి పోయాను. వచ్చేసరికి మీరు మూత పెడుతున్నారు. ఉప్పు వేసే ఉంటారు అనుకున్నాను. అడిగితే అనుమానం అనుకుంటారని అడగలేదు.

సుమనకు గిలాస నిండా పోసి ఇచ్చాం. మనిద్దరం మంచానికి ఆ పక్క ఈ పక్క నిలబడి దాని మొహమే చూశాం. "ఎలా ఉందమ్మా?" అని మీరు అడిగారు. మంచిగుంది అని తల ఊపి మొత్తం తాగింది. మీరు నా వైపు చూసి నవ్వారు. మీరు నన్ను చూసి నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు పానం తేలికైంది.

మీరు పోయాక మిగిలిన చారు వేడి చేసి, పారబోయడం ఎందుకని నేను నోట్లో పోసుకున్నాను. వదినా, అందులో ఉప్పు లేదు. చిటికెడు కూడా లేదు.

గిన్నె పట్టుకుని బిడ్డ దగ్గరికి పోయాను.

"సుమనా, దీంట్ల ఉప్పు లేదు కదనే!"

"ఎరుకే అవ్వా."

"మరి గిలాసెడు ఎట్ల తాగినవే?"

అది పాప మీద చెయ్యి వేసి చిన్నగా చెప్పింది. "మీరిద్దరు నా మొకమే చూస్తుండ్రి. ఉప్పు లేదంటె ఎవలెయ్యలేదని మల్ల షురువైతది. పిల్ల గిప్పుడే పండుకున్నది. గందుకే తాగిన."

ఉప్పు ఎక్కువైన నాడు చుట్టాలైనా లేచిపోయారు. నా బిడ్డ మాత్రం మన భయానికి కూర్చుని మొత్తం తాగింది. పచ్చి బాలింత వదినా. అది తలుచుకుంటే నాకు అన్నం లోపలికి పోవడం లేదు.

మీరు ఉప్పు వేయలేదని నేను తప్పు పట్టడం లేదు. మీరు వేస్తారని నేను వదిలేశాను, నేను వేస్తానని మీరు వదిలేశారు. ఒకరి మీద ఒకరికి మర్యాద అనుకున్నాం. ఇప్పుడు మళ్లీ చారు పెట్టమని అడిగింది. ఎండు నాచు పొట్లం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. చెయ్యి డబ్బా దగ్గరికి పోతే ఆగిపోతోంది. నేను వేస్తే, మీరు లేనప్పుడు వేశానని అవుతుందా? మీరొచ్చేదాకా దాన్ని సప్పగానే తాగమనాలా?

ఈ కాగితం పోస్టులో వెయ్యకుండా వర్ని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, ఏం చెయ్యమంటారో రాయండి.

ఈరవ్వ


కాలువగట్టు క్యాంపు
18 ఫిబ్రవరి 2025

ఈరవ్వ వదినకు,

మీ ఉత్తరం చదివి తిన్నగా వెళ్లి బీరువా తెరిచాను. మా ఆయనకు జ్వరం తగ్గింది. తగ్గకపోయినా ఈ ఉత్తరంతో ఆయన్ని బస్సు ఎక్కించేదాన్నే.

ఆయన చేతిలో మీ గిన్నె పంపుతున్నాను. 'ముత్తన్న ఈరవ్వ, మాక్లూర్' అని చెక్కిన గిన్నె. ఎప్పుడైనా పంచాయితీ జరిగితే సాక్ష్యంగా చూపించాలని బీరువాలో చీరల కింద దాచాను, ఇక ఆ పని లేదు. ఖాళీ గిన్నె పంపకూడదు కాబట్టి అందులో కల్లుప్పు పోశాను. మా తమ్ముడు బాపట్ల నుంచి తెచ్చినది. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయంటారు. మనకు కొత్తగా రావాల్సిన తగువేమీ మిగల్లేదు గానీ, అయినా చేతికివ్వకుండా గిన్నెలోనే పంపుతున్నాను.

మీ చేత్తో మీరే వెయ్యండి. సుమన ఎదురుగా వెయ్యండి. ముందు మీరొక గుక్క తాగి, చాలకపోతే ఇంకాస్త వెయ్యండి. అది తాగేటప్పుడు మాత్రం దాని మొహం చూడకండి, పాపను చూస్తూ కూర్చోండి. ఉప్పు ఎక్కువైతే అత్తయ్య పంపిన ఉప్పు కటువు అని చెప్పండి. తక్కువైనా నా మీదే చెప్పండి. నాకు ఎలాగూ వినపడదు.

గృహప్రవేశం నాటి సంగతి నేను మరిచిపోలేదు. ఆ రెండోసారి ఉప్పు ఎవరు వేశారన్నది మనిద్దరం ఎప్పుడైనా తీరిగ్గా తేల్చుకోవాల్సిందే. అప్పుడు పిల్లలు ఇంట్లో ఉండకూడదు.

మా ఆయన సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు. ఆ గిన్నె ఆయనకే ఇచ్చి పంపండి. అందులో మీకు తోచింది ఏదైనా పెట్టండి. ఎవరు వండారని నేను అడగను.

మీ
ఇందిర